గ్యాస్ నింపించిన మూడు వారాలకే కారు ఏసీ మళ్లీ వేడిగాలి కొడుతుంటే ఏం చెయ్యాలి?

విజయనగరంలో గ్యాస్ నింపించాక మూడు వారాలు బాగా చల్లబడి, మళ్లీ వేడిగాలి మొదలైందని రాశారు. మెకానిక్ ఇంకోసారి నింపేద్దాం అంటున్నాడు, నింపించాలా అని మీ ప్రశ్న. వద్దండీ. ముందు లీకు ఎక్కడుందో పట్టించండి, గ్యాస్ సంగతి ఆ తర్వాత.

ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. గ్యాస్‌ని నొక్కి పంపే కంప్రెసర్ నుంచి, కారు ముందు భాగంలో వేడిని బయటికి వదిలే కండెన్సర్‌కి, అక్కణ్ణించి డ్యాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్‌కి, మళ్లీ కంప్రెసర్‌కి, మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. రబ్బరు పైపుల్లోంచి, కంప్రెసర్ సీలు దగ్గర ఏళ్ల మీద కాస్త తగ్గడం మామూలే. మూడు వారాల్లో పోయిందంటే మాత్రం ఎక్కడో దారి దొరికినట్టే.

మాది శ్రీకాకుళం. కళింగపట్నంలో ఉండే మా చిన్నాన్న కారుది అచ్చం మీ బాధే. వేసవి రాగానే ఒక షాపులో "గేసు అయిపోనాది బాబూ, ఏస్తే సరిపోద్ది" అని నింపి పంపేవారు. చిన్నాన్నకి షుగరు. మే నెల ఉక్కలో ఆస్పత్రికని శ్రీకాకుళం వచ్చేసరికి చొక్కా పిండుకునేలా తడిసిపోయేవారు. అది చూడలేక కారు నేను తీసుకుని, ఒట్టి ఏసీ పనే చేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను.

ఆయన గ్యాస్ ప్రెషర్ చూసే గేజులు తగిలించకుండానే ముందు బంపర్ విప్పించాడు. టార్చి వేసి కండెన్సర్ కింది మూల చూపించాడు. మిగతా అంతా పొడి దుమ్మే, ఆ మూల మాత్రం నల్లగా, జిడ్డుగా, ముట్టుకుంటే వేలికి అంటుకునేలా ఉంది. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా తిరుగుతుంది. చిల్లు పడ్డచోట గ్యాస్ ఎగిరిపోతుంది, ఆయిల్ మిగిలి దుమ్ము పట్టుకుంటుంది. నైట్రోజన్ ఎక్కించి అక్కడ సబ్బు నురగ రాశాడు. ఒక చిన్న బుడగ నెమ్మదిగా ఉబ్బి, పగిలి, మళ్లీ ఉబ్బింది. పక్కనే అల్యూమినియం రెక్కలు గోటితో గీరితే తెల్లటి పొడిలా రాలిపోతున్నాయి. ఉప్పుగాలి చేసిన పని. "గేసు ఎక్కడికి పోతందో సూడకుండా ఏత్తే ఏటవుద్ది బాబూ?" అన్నాడు. కండెన్సర్ మార్చాక ఆ కారుకి మళ్లీ గ్యాస్ అవసరం పడలేదు.

మీ కారుకీ కండెన్సరే పోయిందని నేను చెప్పలేను. పైపు జాయింట్ల దగ్గర ఓ-రింగులు (గ్యాస్ కారకుండా ఆపే రబ్బరు రింగులు), గ్యాస్ ఎక్కించే వాల్వు పిన్ను, కంప్రెసర్ ముందు సీలు, ఇవన్నీ చూడాలి. జిడ్డు ఎక్కడా కనిపించకపోతే కూలింగ్ కాయిల్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. అది లోపల ఉంటుంది కాబట్టి చాలా కార్లలో డ్యాష్‌బోర్డు విప్పాలి, కూలి ఎక్కువవుతుంది. అందుకే విప్పేముందు లీకు అక్కడే ఉందని గ్యాస్‌ని పసిగట్టే డిటెక్టరుతోనో, గ్యాస్‌లో రంగు కలిపి అల్ట్రావయొలెట్ లైటుతోనో రుజువు చేసి చూపించమనండి.

షాపుకి వెళ్లేలోపు మీరే ఒకటి చూడొచ్చు. జాతీయ రహదారి మీద శ్రీకాకుళం వైపు పోతున్నప్పుడు చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గరో రైల్వే గేటు దగ్గరో ఆగగానే వేడెక్కుతోందా? అయితే గ్యాస్ కంటే ముందు కండెన్సర్ ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి. ఫ్యూజు, రిలే, మోటారు, ఏదైనా పోయి ఉండొచ్చు. మన వైపు రోడ్ల మీద ఉలవలు, చోళ్లు ఆరబోస్తారు కదా, ఆ పొట్టు కూడా కండెన్సర్ రెక్కల్లో ఇరుక్కుంటుంది. మెల్లగా నీళ్లు కొడితే పోతుంది, ప్రెషర్ వాషర్ దగ్గరగా పెట్టి కొడితే రెక్కలు వంగిపోతాయి. గాలే తక్కువగా వస్తుంటే గ్లవ్ బాక్సు వెనక ఏసీ ఫిల్టర్ చూడండి. గ్యాస్ బాగా తగ్గితే ప్రెషర్ స్విచ్చు కంప్రెసర్‌ని ఆన్ కానివ్వదు, ఏసీ నొక్కినప్పుడు వచ్చే టక్ శబ్దం రాదు. కొన్ని కొత్త కార్లలో ఆ శబ్దం ఎలాగూ ఉండదు, కంగారు పడకండి.

లీకు బాగుచేశాక పని ఎలా జరుగుతుందో దగ్గరుండి చూడండి, తేడా అంతా ఇక్కడే వస్తుంది. విప్పిన ప్రతి జాయింటుకీ కొత్త ఓ-రింగు పడాలి. డ్రయ్యర్ మార్చాలి, అది తేమను పీల్చేసుకుని ఉంటుంది. గొట్టాల్లోని గాలిని, తేమను లాగేసే వాక్యూమ్ పంపు కనీసం అరగంట నడవాలి. పంపు ఆపాక గేజు ముల్లు కదలకుండా నిలబడాలి. కదిలిందంటే ఇంకా లీకు ఉన్నట్టే. పోయిన ఆయిల్ ఎంతో చూసి అంత కలపాలి, ఆయిల్ తగ్గితే కంప్రెసర్ అరిగిపోతుంది, అదే అన్నిటికంటే ఖరీదైన సామాను. గ్యాస్ తూకం వేసి ఎక్కించాలి. ఏ గ్యాసో, ఎన్ని గ్రాములో బానెట్ కింద స్టిక్కరు మీద ఉంటుంది. ఎక్కువ కార్లలో ఆర్-134ఏ ఉంటుంది. చేత్తో పైపు పట్టుకుని చల్లబడింది చాలు అంటే ఒప్పుకోకండి, గ్యాస్ ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది.

లీకు మూసేస్తుందని డబ్బాల్లో అమ్మే మందు మాత్రం పోయించకండి. అది లోపల సన్నటి దారుల్లో గడ్డకట్టి, మంచి భాగాలను కూడా పాడుచేయగలదు.

షాపుకి ముందు ఫోన్ చేసి, లీక్ టెస్టుకి నైట్రోజన్ సిలిండరు, గ్యాస్ తూచే కాటా ఉన్నాయా అని అడగండి. రెండూ ఉన్నాయంటేనే బండి తీసుకెళ్లండి. విజయనగరంలో మీకు అలాంటిది దొరక్కపోతే, ఇంకోసారి గ్యాస్‌కి పెట్టే డబ్బుతో విశాఖ వెళ్లి లీక్ టెస్టు చేయించుకోండి.