రహస్య పోలీసులు నియంతృత్వ దేశాల్లోనే ఉంటారా? లైప్‌జిగ్‌లో నేను చూసింది, విన్నది

"పౌరుల మీద రహస్య నిఘా నియంతృత్వ దేశాల సంగతి కదా, ప్రజాస్వామ్యంలోనూ ఉంటుందా?" అని అడిగారు. ఉంటుంది. కానీ "అన్నీ ఒకటేలెండి" అని తేల్చేయడానికి మాత్రం నాకు నోరు రాదు.

మాది కరీంనగర్ వైపు పల్లె. తొంభైల్లో మా ఊళ్లో 'ఇన్‌ఫార్మర్' అనే మాటను పెద్దవాళ్లు గొంతు తగ్గించి అనేవాళ్లు. ఆ పేరు పడిందంటే ప్రాణం మీదికొచ్చినట్టే. అన్నలకు అన్నం పెట్టావా అని పోలీసులు, పోలీసులకు కబురు చెప్పావా అని అన్నలు. హోటల్ దగ్గర కొత్త మనిషి కనిపిస్తే, మఫ్టీలో వచ్చాడేమోనని మా నాన్న వానల సంగతి ఎత్తుకునేవాడు.

తర్వాత చదువు కోసం జర్మనీలోని లైప్‌జిగ్ వెళ్లాను. నేను అద్దెకున్న ఇంటి ఓనరు డెబ్బై దాటిన పెద్దావిడ. తూర్పు జర్మనీ (జర్మనీ రెండుగా చీలి ఉన్నప్పటి కమ్యూనిస్టు దేశం) కాలమంతా ఆ ఊళ్లోనే గడిపింది. ఒకరోజు కాఫీ తాగుతూ "నా ఫైలు చదివాను" అంది, బ్లడ్ టెస్ట్ రిపోర్టు వచ్చిందన్నంత మామూలుగా.

ఆ ఫైలు స్టాసిది, అంటే అక్కడి రహస్య పోలీసులది. స్టాసిని 1950లో పెట్టారు. 1989 నాటికి, సుమారు కోటీ అరవై లక్షల జనాభా ఉన్న దేశంలో వాళ్ల ఉద్యోగులే దాదాపు 91,000 మంది. ఇక ఇన్‌ఫార్మర్లు మరో 1,89,000 మంది దాకా. వీళ్లు పోలీసులు కారు. ఆఫీసులో పక్క సీటువాడు, చర్చి పాస్టరు, ఎదురింటివాళ్లు. ఉత్తరాలను ఆవిరి పట్టి తెరిచి, చదివి, మళ్లీ అంటించి పంపడానికి ప్రత్యేకంగా ఒక విభాగమే ఉండేది. లైప్‌జిగ్‌లోని వాళ్ల పాత ఆఫీసు ఇప్పుడు మ్యూజియం. అక్కడ గాజు సీసాల్లో గుడ్డముక్కలు చూశాను. అనుమానితుణ్ణి కూర్చోబెట్టిన కుర్చీ మీది గుడ్డను అలా దాచి, అవసరమైనప్పుడు కుక్కలకు వాసన చూపించేవాళ్లట. ఊరగాయ సీసాల్లా ఉన్నాయని మొదట నవ్వొచ్చింది, నిజం చెప్పాలంటే.

అమెరికా సంగతీ చూడండి. అక్కడి కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 1956 నుంచి 1971 దాకా కోయింటెల్‌ప్రో పేరుతో పౌరహక్కుల ఉద్యమాల వెంట పడింది. 1964లో నల్లజాతివాళ్ల హక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్‌ను కుంగదీయడానికి ఆకాశరామన్న ఉత్తరం కూడా పంపింది. ఇదెలా బయటపడింది? 1971లో కొందరు మామూలు మనుషులు పెన్సిల్వేనియాలోని ఒక చిన్న ఎఫ్‌బీఐ ఆఫీసు తలుపు పగలగొట్టి, కాగితాలు ఎత్తుకెళ్లి పత్రికలకు పంపారు. పత్రికలు అచ్చేశాయి, తర్వాత సెనేట్ కమిటీ విచారించింది. తూర్పు జర్మనీలో ఆ దారి లేదు.

మన దగ్గర ఫోన్ ట్యాపింగ్ చాలాకాలం 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం మీదే నడిచింది. 1996లో సుప్రీంకోర్టు కొన్ని పద్ధతులు పెట్టింది, సరే. కానీ అనుమతి ఇచ్చేది హోం కార్యదర్శి, దాన్ని సమీక్షించేదీ అధికారులే. మధ్యలో జడ్జి లేడు. అవినీతి, మానవహక్కుల ఆరోపణలు తప్పిస్తే కేంద్ర నిఘా సంస్థ ఇంటెలిజెన్స్ బ్యూరోకు సమాచార హక్కు చట్టం వర్తించదు. అంటే నా మీద ఫైలుందా అని అడిగినా వాళ్లు జవాబు చెప్పనక్కర్లేదు. నన్నడిగితే ఇదే అసలు లోటు.

లైప్‌జిగ్ జనం 1989 డిసెంబర్ 4న ఆ స్టాసి ఆఫీసులోకి వెళ్లి ఫైళ్లు నాశనం కాకుండా ఆపారు. 1992 జనవరి నుంచి ఎవరి ఫైలు వాళ్లు చదువుకునే వీలొచ్చింది. మా ఓనరు కూడా అలాగే అర్జీ పెట్టుకుంది. పశ్చిమ జర్మనీ నుంచి చుట్టాలు పంపిన కాఫీ పొడిని ఆవిడ ఏ డబ్బాలో దాచేదో కూడా అందులో రాసి ఉందట. వంటింటి దాకా చనువుగా వచ్చేది ఇద్దరే: చెల్లెలు, చిన్ననాటి స్నేహితురాలు. ఫైల్లో ఉన్నది మారుపేరు. అసలు పేరు చెప్పమని విడిగా అర్జీ పెట్టొచ్చు. ఆవిడ పెట్టలేదు.

నేనున్న రెండేళ్లూ ఆ ఇద్దరూ ఆదివారాలు కాఫీకి వచ్చేవాళ్లు. ఒకసారి నాకోసం కేకు కూడా తెచ్చారు.