ఇంట్లో దొరికిన తాటాకు ప్రతిలో అక్షరాలు కనబడట్లేదు, చెరిగిపోయినట్టేనా?

చాలావరకు కాదు. గంటంతో గీసిన గాట్లు అలాగే ఉంటాయి, వాటిలో పూసిన మసే రాలిపోతుంది. ఆకును కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టి చూడండి, గీతలు నీడల్లా తేలతాయి. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి, దీపపు మసిని నిమ్మగడ్డి నూనెలో కలిపి దూదితో పలచగా రాయాలి, ముందు ఒక మూలన మాత్రమే. పైన మిగిలింది పొడిగుడ్డతో తుడిచేస్తే గాట్లలో నలుపు నిలుస్తుంది. సిరాతో రాసిన ఆకైతే మాత్రం నూనె తాకించకండి, అక్షరం చెదిరిపోవచ్చు.

అతుక్కున్న ఆకుల్ని గోరుతో విడదీస్తే పైపొర అక్షరాలతో సహా ఊడొస్తుంది. ఎండలో ఆరబెట్టడం మనకో అలవాటు, దానివల్ల ఆకు వంకరపోయి చిట్లుతుంది. లామినేషన్ మాట అసలే వద్దు. హైదరాబాద్‌లోనే ఉంటే కట్ట విప్పకముందే ఉస్మానియా యూనివర్సిటీ ఆవరణలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో చూపించండి.