చెంపలు పీక్కుపోయాయి... ఫిల్లర్లు వేయించుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 47. షుగర్‌కు మాత్రలు వాడుతున్నాను. ఏడాదిలో 12 కిలోలు తగ్గాక చెంపలు పీక్కుపోయాయి. కళ్ల కింద గుంటలు, ముక్కు పక్కల నుంచి పెదాల దాకా గీతలు పడ్డాయి. చూసినవాళ్లంతా ఒంట్లో బాగోలేదా అంటున్నారు. ఆరు వారాల్లో అక్క కూతురి పెళ్లి. ఫిల్లర్లతో ముఖం నిండుగా అవుతుందని మా వీధిలోని బ్యూటీ పార్లర్‌లో చెబుతున్నారు. వేయించుకోవచ్చా? - ఓ పాఠకురాలు, గుంటూరు

సమాధానం: ఆ 12 కిలోలు మీరు పట్టుబట్టి తగ్గారా, వాటంతటవే తగ్గాయా అన్నది రాయలేదు. ప్రయత్నం లేకుండా తగ్గి ఉంటే ముందు ఫిజీషియన్‌ను కలవండి. షుగర్ అదుపు తప్పినా, థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే చిక్కిపోతారు. ముఖం సంగతి ఆ తర్వాత.

కావాలనే తగ్గి ఉంటే ఫిల్లర్లు, అంటే చర్మం కింద సూదితో ఎక్కించే జెల్, మీకు పనికొస్తాయి. బరువుతో పాటు చెంపల్లోని కొవ్వూ కరిగింది కాబట్టి ఆ ఖాళీని జెల్ నింపుతుంది. జారిన చర్మాన్ని మాత్రం పైకి లాగలేదు. వెల్లకిలా పడుకుని అద్దంలో చూసుకోండి. గీతలు చాలావరకు మాయమైతే మీ సమస్యలో జారుడే ఎక్కువ. దానికి సిరంజీల మీద సిరంజీలు ఎక్కిస్తే ముఖం ఉబ్బినట్టు కనిపిస్తుంది తప్ప వయసు తగ్గదు. నుదుటి ముడతలకు, నవ్వితే కంటి చివర పడే గీతలకు వాడేది బొటాక్స్. అది వేరే మందు.

ఎక్కువగా వాడేది హైలురోనిక్ యాసిడ్ జెల్. సిరంజీలో 1 మి.లీ. ఉంటుంది, అంటే టీస్పూన్‌లో ఐదో వంతు. ముందు చెంపలు నింపించుకోండి. అవి కాస్త లేస్తే కింది గీతలు, కళ్ల కింద గుంటలు కూడా కొంత తగ్గుతాయి. కళ్ల కింద చర్మం పల్చన, అక్కడ పైపైన వేస్తే నీలంగా కనిపిస్తుంది. జెల్ నీటిని పట్టి ఉంచుతుంది కనుక ఇప్పటికే ఉబ్బు సంచులుంటే అవి పెరుగుతాయి. నల్లటి వలయాలు దీంతో పోవు. ఫలితం సాధారణంగా 6 నుంచి 18 నెలలు.

పార్లర్‌లో మాత్రం వేయించుకోవద్దు. కారణం రక్తనాళాలు. జెల్ పొరపాటున నాళంలోకి పోయినా, బయటి నుంచి దాన్ని నొక్కినా ఆ చర్మానికి రక్తం అందదు. అక్కడ తెల్లబారడం, వలలాంటి ఊదా మచ్చలు, సూది నొప్పికి మించిన నొప్పి దీనికి గుర్తులు. గంటల్లో సరిచేయకపోతే చర్మం చచ్చుబడుతుంది. కనుబొమల మధ్య, ముక్కు మీద వేసినప్పుడు అరుదుగా చూపే పోవచ్చు. విరుగుడు హైలురోనిడేజ్ అనే ఎంజైమ్ ఇంజెక్షన్, ఇది హైలురోనిక్ జెల్‌ను కరిగిస్తుంది. చూపు పోయిన కేసుల్లో మాత్రం దాన్ని నమ్ముకోలేం. డెర్మటాలజిస్టు లేదా ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికే వెళ్లండి, అదీ హైలురోనిడేజ్ క్లినిక్‌లో ఉందో లేదో అడిగాకే. సిరంజీ సీల్ మీ ఎదుటే తీయించి, లాట్ నంబరు స్టిక్కర్ దాచుకోండి. కాల్షియం ఫిల్లర్లను ఈ ఎంజైమ్ కరిగించలేదు. ద్రవ సిలికాన్ వేస్తామంటే లేచి వచ్చేయండి.

షుగర్ అదుపులో లేకపోతే ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది, కాబట్టి ముందు హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చేయించుకోండి. పెదాల మీద తరచూ జ్వరపు పొక్కులు వస్తుంటే చెప్పండి, ముందుగా మాత్ర ఇస్తారు. ముఖం మీద చీము మొటిమలున్నా, పంటి ఇన్ఫెక్షన్ ఉన్నా ఆగాలి. పళ్ల చికిత్సకు అటూ ఇటూ రెండు వారాల ఎడం ఉంచండి. గుండె కోసం ఆస్పిరిన్ వాడుతుంటే, కమిలిపోతుందన్న భయంతో సొంతంగా ఆపకండి.

వేయించుకోవాలనుకుంటే వచ్చే రెండు వారాల్లోపే. వాపు రెండు మూడు రోజుల్లో, కమిలిన మచ్చ ఒక్కోసారి రెండు వారాలకు తగ్గుతాయి. కొద్దిగా సర్దాల్సి వస్తే అది కూడా రెండు వారాల తర్వాతే. మొదటిసారి తక్కువే వేయించుకోండి, చాలకపోతే కలపొచ్చు. తర్వాత రెండు రోజులు వ్యాయామం, ఆవిరి పట్టడం మానండి. రెండు వారాల దాకా ఫేషియల్, ముఖం మసాజ్ వద్దు. పెళ్లి ముందు మీ పార్లర్‌కు వెళ్తే ఫిల్లర్లు వేయించుకున్న సంగతి అక్కడ ముందే చెప్పండి.