కొత్త షూలు వేసినా వెనక బ్రేక్ పట్టకపోతే క్యామ్ విప్పించి చూడండి

కొత్త బ్రేక్ షూలు వేయించాను, పెడల్‌ని వెనక బ్రేక్‌తో కలిపే రాడ్ నట్టు బిగిస్తూనే ఉన్నాను, అయినా పెడల్ తొక్కితే బైక్ ఆగడం లేదని ఒకరు అడిగారు. మా నాన్నగారి 100 సీసీ బండికి అచ్చం ఇదే వచ్చింది. మెకానిక్ మళ్లీ షూలు మార్చమన్నారు. నేను ఒప్పుకోకుండా చక్రం విప్పించి దగ్గరుండి చూశాను.

షూల మందం బాగానే ఉంది. కానీ నడిమి భాగం మాత్రం అద్దంలా నున్నగా మెరుస్తోంది, రెండు చివర్లూ డ్రమ్‌ని (షూలు లోపలి నుంచి ఒత్తే, చక్రంతో పాటు తిరిగే గుండ్రటి గిన్నెని) తాకనే లేదు. అసలు రోగం క్యామ్‌ది, అంటే పెడల్ తొక్కితే తిరిగి షూలని విడదీసి డ్రమ్‌కి ఒత్తే ఇరుసుది. గ్రీజు ఎండిపోయి తుప్పు పట్టి, చేత్తో తిప్పితే కదలడం లేదు. మనం తొక్కిన బలమంతా దాన్ని తిప్పడానికే పోతుంది. పెడల్ వదిలాక అది పూర్తిగా వెనక్కి రాదు కాబట్టి షూలు డ్రమ్‌కి రాసుకుంటూ వేడెక్కి నున్నబడిపోతాయి. నట్టు ఇంకా బిగిస్తే ఆ రాపిడి మరింత పెరుగుతుంది.

క్యామ్ బయటికి లాగి, తుప్పు ఎమెరీ పేపర్‌తో తీసి, పల్చగా గ్రీజు రాయించాం. షూల మీదికి మాత్రం చుక్క కూడా పోకూడదు. షూలనీ డ్రమ్ లోపలినీ కాస్త గరుకు చేసి తడిగుడ్డతో తుడిచాం. ఆ దుమ్ము నోటితో ఊదొద్దు, పాత షూల పైపొరల్లో (లైనింగుల్లో) ఆరోగ్యానికి హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. బిగించేటప్పుడు పెడల్ తొక్కి పట్టుకునే యాక్సిల్ నట్టు బిగించాలి. అప్పుడే షూలు డ్రమ్ మధ్యకి కుదురుతాయి. చాలామంది ఇది వదిలేస్తారు, తేడా మాత్రం బాగా తెలుస్తుంది.

డ్రమ్ అరిగిపోయి ఉంటే కొత్త షూ వంపు దానికి కలవదు. డ్రమ్ మీద గరిష్ఠ వ్యాసం అచ్చు వేసి ఉంటుంది, కొలిపించండి. దాటితే మార్చాల్సిందే.

పెడల్ గట్టిగా తొక్కినప్పుడు రాడ్‌కీ ఆర్మ్‌కీ (క్యామ్‌ని తిప్పే బయటి మీటకీ) మధ్య దాదాపు లంబకోణం ఉండాలి. ఆర్మ్ అది దాటి ముందుకి వాలిందంటే పట్టు తగ్గుతుంది. కొందరు ఆర్మ్ విప్పి ఒక పన్ను వెనక్కి జరిపి బిగిస్తారు. అరిగిన షూలతో ఆ పని అస్సలు చేయించకండి. క్యామ్ అడ్డం తిరిగి చక్రం బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. క్యామ్ మీదా ఆర్మ్ మీదా ఉన్న గుర్తులు ఎదురెదురుగా ఉన్నాయో లేదో చూస్తే చాలు.

బ్రేక్ పట్టేముందు పెడల్ రెండు, మూడు సెంటీమీటర్లు ఖాళీగా కదిలేలా ఉంచండి. చైన్ టైట్ చేయించిన ప్రతిసారీ చక్రం వెనక్కి జరిగి రాడ్ బిగుసుకుంటుంది, అప్పుడు ఇది మళ్లీ సరిచూడాలి. మీ బండి 2019 ఏప్రిల్ తర్వాతదై సీబీఎస్ (వెనక పెడల్ తొక్కితే ముందు బ్రేక్ కూడా పట్టే ఏర్పాటు) ఉంటే ముందు బ్రేక్‌కి వెళ్లే కేబుల్ కూడా చూపించండి. ఇదంతా అయ్యేదాకా వెనక ఎవరినీ ఎక్కించుకోకండి, దయచేసి.