60 వేల గేమింగ్ ల్యాప్‌టాప్, ఏసీ లేని గది: మూడేళ్ళుగా వాడుతున్నవాడి మాట

కావలి నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న: "మా అబ్బాయి ఈ ఏడు బీటెక్‌లో చేరుతున్నాడు. గేమింగ్ ల్యాప్‌టాప్ కావాలంటున్నాడు. 60 వేల దాకా పెట్టగలను. అది చదువుకి పనికొస్తుందా, ఆటలకేనా? మా ఇంట్లో ఏసీ లేదు, వాడి గది డాబా మీద ఉంది."

మీ అబ్బాయి "చదువుకే నాన్నా" అని చెప్పి ఉంటాడు. 2023 ఆగస్టులో, అప్పటికే బీటెక్ చదువుతున్న నేనూ మా నాన్నతో అచ్చం ఇదే మాట అన్నాను. అందులో సగం నిజం.

మాది నెల్లూరు. నాన్నది పొదలకూరులో నిమ్మకాయల వ్యాపారం. ట్రంకు రోడ్డులో ఒక షాపుకి తీసుకెళ్ళి చూపించాను. ర్యామ్ గురించీ ప్రాసెసర్ గురించీ అక్కడి కుర్రాడు చెప్పిందంతా నాన్న ఓపిగ్గా విని, ల్యాప్‌టాప్‌ని ఒంటిచేత్తో పైకెత్తి "రెండుంపావు కిలో పైనే ఉంటది" అన్నాడు. పెట్టె మీద చూస్తే 2.3 కిలోలు. ఛార్జరు కూడా ఎత్తి "ఇదింకో అరకిలో. రోజూ భుజాన మోస్తావా అబ్బయ్యా?" అని అడిగాడు. నేను నవ్వేశాను. ఈ వస్తువు కొనే ముందు అడగాల్సిన అసలు ప్రశ్న అదేనని ఏడాది తర్వాత గానీ నాకు తెలిసిరాలేదు.

షాపులో 64 వేలు చెప్పారు. ఆన్‌లైన్ సేల్‌లో బ్యాంకు కార్డు తగ్గింపుతో 58,490కి వచ్చింది. కంపెనీ పేరు రాయను. ఈ ధరలో ఏ కంపెనీది తీసుకున్నా లోపలి సరుకు ఇంచుమించు ఒకటే, పైగా సర్వీసు దగ్గర నాకు జరిగింది మీకూ జరగాలని లేదు. నాది రైజెన్ 5 5600హెచ్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్ కార్డు (ఆటల్లో బొమ్మలు గీసే భాగం), దానికి 4 జీబీ సొంత మెమరీ, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ (ఆటలూ ఫైళ్ళూ దాచుకునే చోటు), 144 హెర్ట్జ్ తెర (సెకనుకి 144 సార్లు బొమ్మ మార్చగలది).

ముందు ఆటల సంగతి చెప్పేస్తాను, అది తేలిక. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివి సెకనుకి 100 ఫ్రేములు, అంటే 100 బొమ్మలు, దాటి నడుస్తాయి. జీటీఏ 5 హై సెట్టింగుల్లో 70, 80 మధ్య ఉంటుంది. 60 దాటితే కంటికి నునుపుగానే కనిపిస్తుంది. సైబర్‌పంక్ 2077 లాంటి బరువైన ఆటని మీడియంలో పెట్టి, డీఎల్‌ఎస్‌ఎస్ (బొమ్మని చిన్నగా గీసి ఏఐతో పెద్దది చేసే ఎన్విడియా సదుపాయం) ఆన్ చేస్తే 50 అటూ ఇటూ. బొమ్మల నాణ్యత ఒక మెట్టు పెంచితే 4 జీబీ నిండిపోయి ఉన్నట్టుండి ఆగి ఆగి నడుస్తుంది. పాత ఆటలకి దర్జాగా సరిపోతుంది, కొత్తవాటితో సర్దుకుపోవాలి.

ఇక చదువు. మొదటి రెండేళ్ళూ సీ, జావా, పైథాన్ నేర్చుకోవడానికి ఇంత యంత్రం అక్కర్లేదు, 35 వేల మామూలు ల్యాప్‌టాప్ చాలు. ఇది నాకు నిజంగా అక్కరకొచ్చింది బీటెక్ నాలుగో ఏడాదిలో. నిమ్మ ఆకుల ఫొటోలు చూసి గజ్జి తెగులు ఉందో లేదో చెప్పే ప్రాజెక్టు ఒకటి చేశాం. ఫొటోలు మా తోటవే, కొన్ని నాన్న స్నేహితుల తోటల్లోవి. ఆ ఫొటోలతో తెగులుని గుర్తుపట్టడం నేర్చుకునే ఏఐ మోడల్‌కి శిక్షణ ఇచ్చేటప్పుడు ప్రాసెసర్ మీద ఒక రౌండుకి ఇరవై నిమిషాలు పట్టేది, గ్రాఫిక్స్ కార్డుకి అప్పజెప్పాక రెండు నిమిషాల్లో అయిపోయేది. ఇది కూడా ఎన్విడియా కార్డు ఉండబట్టే, ఎందుకంటే మేం వాడిన సాఫ్ట్‌వేర్ క్యూడా మీద నడుస్తుంది, గ్రాఫిక్స్ కార్డుతో లెక్కలు చేయించే ఆ క్యూడా ఎన్విడియా వాళ్ళది. మా జట్టులో ల్యాప్‌టాప్ లేని ఇద్దరు అదే పనిని గూగుల్ కోలాబ్‌లో (బ్రౌజర్‌లోంచే గూగుల్ వాళ్ళ కంప్యూటర్లని వాడుకునే చోటు) డబ్బు కట్టకుండా చేశారని కూడా చెప్పాలి, లేకపోతే నేను మా నాన్నకి చెప్పిన సగం నిజమే మీకూ చెప్పినట్టవుతుంది. మీ అబ్బాయి మెకానికల్, సివిల్ అయి త్రీడీ డిజైన్ సాఫ్ట్‌వేర్లు వాడేవాడైతే కార్డు రెండో ఏడాది నుంచే పనికొస్తుంది.

మీరు అడిగిన అసలు విషయం వేడి. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే యూట్యూబ్‌లో వీటిని పరీక్షించేవాళ్ళు చాలామంది చల్లటి గదిలో కూర్చుని చూస్తారు. ల్యాప్‌టాప్ ఫ్యాన్ చల్లదనాన్ని పుట్టించదు, గదిలో గాలిని లోపలికి లాగి వేడిని బయటికి తోస్తుంది, అంతే. గదిలో 25 డిగ్రీలున్నప్పుడు చిప్ 82 దగ్గర ఉంటే, మే నెలలో మధ్యాహ్నం మన డాబా గదిలో 38 ఉన్నప్పుడు అది 95కి పోతుంది. నాది మొదటి వేసవిలో 96, 97 చూపించింది. ఈ ప్రాసెసర్‌కి దాన్ని తయారుచేసే ఏఎండీ పెట్టిన హద్దు 105 డిగ్రీలు, కాబట్టి కాలిపోదు. కానీ చిప్ తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, ఆట మధ్యలో ఫ్రేములు సగానికి పడిపోతాయి, కీబోర్డు మధ్యలో వేలు పెట్టలేం. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు గదా, నాకు ల్యాప్‌టాప్ పగులుతుందేమోనని టెన్షన్. కింద నుంచి అమ్మ "ఏందిరా ఆ మోత, పైన మిల్లు పెట్టినావా?" అని కేకేసేది.

1,200 పెట్టి కూలింగ్ ప్యాడ్ కొన్నాను. రెండు డిగ్రీలు తగ్గింది. ఆ డబ్బు దండగ. పైసా ఖర్చు లేకుండా పనిచేసినవి రెండు. వెనక కాళ్ళ కింద రెండు నీళ్ళ సీసా మూతలు పెట్టాను, అడుగు నుంచి గాలి బాగా అందింది, నాలుగు డిగ్రీలు దిగింది. రెండోది విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్ తెరిచి, పవర్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగులకి వెళ్ళి, మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ అన్నచోట 100 తీసి 99 పెట్టడం. ఒక్క అంకె తేడానే అయినా దాంతో ప్రాసెసర్ బూస్ట్ ఆగిపోతుంది. 4.2 గిగాహెర్ట్జ్ దాకా ఎగిరేది 3.3 దగ్గరే కుదురుగా నడుస్తుంది. నా యంత్రంలో 96 ఉన్నది 78కి వచ్చింది. ఆటల్లో పోయింది ఐదారు ఫ్రేములు. మార్చి నుంచి జూన్ దాకా 99లో ఉంచుతాను, వానలు పడ్డాక మళ్ళీ 100. కొన్ని ల్యాప్‌టాపుల్లో ఆ సెట్టింగు కనిపించకుండా దాచేసి ఉంటారు, అప్పుడు కంపెనీ ఇచ్చిన యాప్‌లో సైలెంట్ మోడ్ వాడుకోవచ్చు. పరుపు మీద పెట్టి ఆడటం మాత్రం మాన్పించండి. గాలి లాగే కంతలు ఎక్కువగా అడుగునే ఉంటాయి.

కరెంటు సంగతి మరొకటి. మా ఇంట్లో ఉన్నది పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు, కరెంటుని నునుపుగా కాక మెట్లు మెట్లుగా ఇచ్చే రకం. ఫ్యాన్లూ లైట్లూ బాగానే నడుస్తాయి గానీ, కరెంటు పోగానే ల్యాప్‌టాప్ ఛార్జరు జుయ్యిమని మోగుతూ బాగా వేడెక్కేది. అడాప్టరు 150 వాట్లది. ఆట ఆడితే అది దాదాపు మొత్తం లాగుతుంది. ఇన్వర్టరు మీద ఉన్నప్పుడు ఛార్జరు తీసేయడం అలవాటు చేసుకున్నాను. మీది మామూలు కరెంటులాగే నునుపుగా ఇచ్చే సైన్ వేవ్ అయితే ఈ బాధ లేదు. ఛార్జరు తీస్తే ల్యాప్‌టాప్ ఆగదు, కానీ కార్డుకి కావాల్సినంత పవర్‌ని బ్యాటరీ ఇవ్వలేదు కాబట్టి ఆట నత్తనడక నడుస్తుంది. అసలు నష్టం వైఫై రూటర్‌తో. పవర్ పోయి ఇన్వర్టరు అందుకునేలోపు అది ఆరిపోయి మళ్ళీ వెలగడానికి రెండు నిమిషాలు తీసుకుంటుంది, ఈలోగా ఆన్‌లైన్ మ్యాచ్ పోయి, మధ్యలో వదిలేశానని శిక్ష కూడా పడుతుంది. రూటర్‌కి 12 వోల్టుల మినీ యూపీఎస్ ఒకటి పెట్టాక ఇంట్లో అరుపులు తగ్గాయి. ఆన్‌లైన్ క్లాసులకీ పరీక్షలకీ కూడా అది పనికొస్తుంది, మీరు ఆ కారణం చెప్పుకుని కొనొచ్చు.

పద్నాలుగో నెలలో ఎడమ ఫ్యాను గరగరమనడం మొదలైంది. వారంటీ పన్నెండో నెలతో సరి. అధీకృత సర్వీసు వాళ్ళు రెండు ఫ్యాన్లూ హీట్ సింకూ (చిప్ వేడిని లాగే లోహపు భాగం) కలిపి ఒకే భాగంగా మార్చాలి, 6,800 అవుతుంది, పార్టు చెన్నై నుంచి రావాలి, పది రోజులు పడుతుంది అన్నారు. నేను బయట ఒక రిపేరు ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. మూత తీయగానే ఇద్దరం నవ్వుకున్నాం. ఫ్యాను రెక్కల్లో, రాగి రేకుల మధ్యన ఎండిపోయిన దోమలు. నెల్లూరు దోమలకి ల్యాప్‌టాప్ కూడా లోకువే. దోమల చుట్ట వెలిగించే గదుల్లో వాడే మిషన్లకి లోపల జిగురు పట్టి దుమ్ము అతుక్కుపోతుందని ఆయన అనుభవం. ఒక్క ఫ్యాను మార్చి, శుభ్రం చేసి, చిప్ వేడిని హీట్ సింకుకి చేర్చే థర్మల్ పేస్టు కొత్తది పూసి 2,300 తీసుకున్నాడు. ఇంటికొచ్చి చూస్తే ఏడెనిమిది డిగ్రీలు తగ్గింది. అప్పటినుంచి ఏటా ఫిబ్రవరి ఆఖర్లో, ఎండలు ముదరకముందే శుభ్రం చేయిస్తున్నాను. కిటికీకి దోమల మెష్ కొట్టించాం, చుట్ట మానేశాం. వీలైతే కొన్నప్పుడే రెండో ఏడాదికి వారంటీ పొడిగింపు తీసుకోండి. నేను 2,500కి కక్కుర్తి పడి వదులుకున్నాను.

తెర సంగతి రెండు ముక్కల్లో. వేగం బాగుంది, రంగులు బాగాలేవు. అక్క పెళ్ళి ఫొటోలు ఇందులో సరిచేసి ప్రింటుకి ఇస్తే, తెర మీద ఇటుక రంగులో ఉన్న వెంకటగిరి చీర ప్రింటులో భగ్గుమనే ఎరుపులో వచ్చింది. స్పెసిఫికేషన్లలో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలత) అని ఉంటే ఇలాంటి తెరే అని అర్థం. ఫొటో, వీడియో పని చేసేవాళ్ళు 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ (ఇదీ రంగుల కొలతే) అని రాసి ఉన్నది వెతుక్కోవాలి. బ్యాటరీ కొత్తలో బ్రౌజింగ్‌కి నాలుగున్నర గంటలు వచ్చేది, ఇప్పుడు రెండున్నర దాటదు. 512 జీబీ అన్నది విండోస్‌లో 476గా కనిపిస్తుంది. అది మోసమేమీ కాదు, లెక్క కట్టే పద్ధతిలో తేడా. అయినా రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 ఒక్కటే 150 జీబీ అడుగుతుంది కాబట్టి రెండో ఎస్‌ఎస్‌డీకి ఖాళీ చోటు ఉందేమో చూసి కొనండి.

కొనేటప్పుడు మీ అబ్బాయి కార్డు పేరు మాత్రమే చూస్తాడు. మీరు వాట్లు అడగండి. కార్డుకి ఎంత పవర్ అందుతుందో చెప్పే ఆ లెక్కని టీజీపీ అంటారు. ఆర్‌టీఎక్స్ 3050ని ల్యాప్‌టాప్ తయారీదారులు 35 వాట్ల నుంచి 80 వాట్ల దాకా ఎంతలోనైనా పెట్టుకోవచ్చు. పేరు ఒకటే, 45 వాట్లదానికీ 75 వాట్లదానికీ పనిలో చాలా తేడా. సన్నగా, అందంగా ఉన్నవాటిలో తరచు తక్కువ వాట్లు ఉంటాయి. ఆర్‌టీఎక్స్ 2050 అని ఇదే ధరల్లో కనిపిస్తుంది. దాని మెమరీ దారి (ఒకేసారి ఎంత సమాచారం పోగలదో చెప్పే వెడల్పు) 64 బిట్లే, 3050 4 జీబీకి 128 ఉంటుంది. ఆటలే ముఖ్యమైతే 2050 వద్దు. ఇప్పుడు కొనేవాళ్ళకి నా సలహా, కార్డు మెమరీ 6 జీబీకి తగ్గకూడదు. 3050లోనే 6 జీబీ రకం ఉంది. సేల్‌లో ఇంకో నాలుగైదు వేలు సర్దుకుని 4050 దొరికితే కళ్ళు మూసుకుని తీసుకోండి.

ర్యామ్ నేను తర్వాత వేయించుకున్నాను. 8 జీబీ కర్ర ఒక్కటే ఉంటే సింగిల్ ఛానెల్‌లో, అంటే ఒకే దారిలో నడుస్తుంది. రెండోది వేయగానే దారి రెండింతలవుతుంది. నాకు జీటీఏలో 55 ఫ్రేములు వచ్చేచోట 70 దాటాయి, క్రోమ్‌లో ఇరవై ట్యాబులు తెరిచినా నిట్టూర్చడం మానేసింది. అప్పట్లో 1,900 పడింది. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు ఇప్పుడు బాగా పెరిగిపోయాయి కాబట్టి తర్వాత వేయించుకుందాం అనుకోకుండా 16 జీబీతో వచ్చేదే చూడండి. మొత్తం లెక్క చూస్తే నా 58,490 మీద ర్యామ్, ఫ్యాను, యూపీఎస్, ఆ దండగ ప్యాడ్, ఏటా శుభ్రానికి 500 కలిపి మరో ఎనిమిది వేలు చేరింది. మీ 60 వేలలో ఈ పైఖర్చుకి చోటుందా అన్నది ముందే చూసుకోండి.

మా నాన్న అడిగిన ప్రశ్న మీరూ మీ అబ్బాయిని అడగండి. ఇంట్లో బల్ల మీద పెట్టి చదువుకుని, ఆడుకునేవాడైతే కొనివ్వండి, మూడేళ్ళ తర్వాత కూడా నేను దీన్ని అమ్మాలనుకోవడం లేదు. ఇప్పుడు ఇంటి నుంచే ఆటోక్యాడ్ పని చేస్తున్నాను, రోజుకి పది గంటలు దీని మీదే. హాస్టల్‌కి పోయి రోజూ క్లాసుకి మోసుకెళ్ళాలంటే మాత్రం వద్దు. నేను మూడో ఏడాదిలో నెల రోజులు మోశాను. క్లాసులో ప్లగ్ దొరకదు, లైబ్రరీలో ఫ్యాను మోగితే అందరూ తిరిగి చూస్తారు, బస్సులో నిలబడితే బ్యాగు పట్టీ భుజాన్ని కోస్తుంది. తర్వాత అది ఇల్లు కదల్లేదు, క్లాసుకి నోటు పుస్తకంతోనే పోయాను.

ఇంకొక్క మాట. తొందర పడి ఈ వారమే కొనకండి. మొదటి సెమిస్టరు ల్యాబులు కాలేజీ కంప్యూటర్లలోనే నడుస్తాయి, రెండు నెలలు లేకపోయినా చదువేమీ ఆగదు. పంద్రాగస్టు సేలో, దసరా సేలో చూసుకోండి. డెలివరీ వచ్చినప్పుడు పెట్టె విప్పడం మొదలు తెర వెలిగేదాకా కోత లేకుండా వీడియో తీయండి. తెరలో చచ్చిన పిక్సెల్ ఉంటే మార్పించుకోవడానికి అదే మీ చేతిలో ఉండే సాక్ష్యం.