ఏడాది విండ్‌సర్ఫింగ్ జీపీఎస్ లెక్కల్లో ఏ అంకెను చూడాలి?

చేతి వాచీతో ఏడాది పాటు విండ్‌సర్ఫింగ్‌ను నమోదు చేయదలచుకున్నారు. ఆ వేగాలను ఎంతవరకు నమ్మవచ్చు, వాటిలో దేనిని బట్టి మెరుగుదల తెలుస్తుంది అని అడిగారు. శాన్ ఫ్రాన్సిస్కో అఖాతంలో ఫాస్టర్ సిటీ ఒడ్డున ఉన్న థర్డ్ ఎవెన్యూలోను, వేసవిలో శాక్రమెంటో నది మీద షెర్మన్ ఐలాండ్‌లోను నేను ఏడాది పాటు ఇదే పని చేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను. అందరూ ముందుగా చూసుకునేది గరిష్ఠ వేగం. నేర్చుకునేవారికి అతి తక్కువ విషయం చెప్పేదీ అదే. జైబ్ (గాలి వాలుగా బోర్డును తిప్పి తెరచాపను మరో పక్కకు మార్చడం) మలుపులో బోర్డు వేగం ఎంతకు పడిపోతున్నదో గమనించండి.

ముందుగా నమ్మకం సంగతి. పౌరుల జీపీఎస్ సంకేతంలో అమెరికా ప్రభుత్వం కావాలని ఉంచిన పొరపాటును 2000 మే నెలలో తొలగించిన తరువాత కూడా, స్థానంలో కొన్ని మీటర్ల తేడా సహజమే. సెకను తేడాతో నమోదైన రెండు బిందువుల మధ్య 3 మీటర్ల తప్పు దొర్లినా, అది వేగంలో దాదాపు 6 నాట్ల (గంటకు సుమారు 11 కిలోమీటర్ల) తప్పు అవుతుంది. అందువల్ల స్థానాల తేడాను బట్టి కాక, ఉపగ్రహ సంకేతాల పౌనఃపున్యంలో వచ్చే డాప్లర్ మార్పును బట్టి పరికరం లెక్కించిన వేగాన్ని తీసుకోవాలి. జాడను దాచే జీపీఎక్స్ (GPX) ఫైళ్లలో చాలావాటిలో స్థానం, ఎత్తు, సమయం తప్ప వేగం ఉండదు కాబట్టి, వాచీ ఫిట్ (FIT) రకం ఫైలు ఇస్తే దానినే దాచుకోండి. బ్యాటరీ ఆదా కోసం అప్పుడప్పుడు మాత్రమే బిందువును రాసే అమరికను మార్చి, ప్రతి సెకనుకూ రాసేలా పెట్టుకోవాలి. వాచీని మణికట్టుకు కాకుండా మోచేతికి పైన కట్టుకోవడం మంచిది. నీటిలో పడి లేచేటప్పుడు మణికట్టు మునుగుతుంది, జీపీఎస్ సంకేతం నీటిలోకి చొరబడదు, బయటికి వచ్చిన మరుక్షణం ఎవరూ అందుకోలేని ఒక వేగం తెర మీద ప్రత్యక్షమవుతుంది.

ఇక అసలు విషయం. ఆల్ఫా 500 అనే కొలత జైబ్ కోసమే ఉన్నది: మలుపుతో కలిపి 500 మీటర్లకు మించని దూరంలో, మొదలైన చోటికి 50 మీటర్లలోపు తిరిగి వచ్చినప్పటి సగటు వేగం అది. అయితే ఆ ఒక్క అంకెతో ఆగకుండా మలుపు దగ్గర వేగపు గీతను పెద్దది చేసి చూడండి. 22 నాట్లతో వచ్చిన బోర్డు మలుపు మధ్యలో 6 నాట్లకు పడిపోయిందంటే ప్లేనింగ్ (నీటిని కోయకుండా దాని పైన జారిపోవడం) పోయినట్లే. 11 దగ్గర నిలిచిందంటే బయటికి వచ్చేటప్పుడు తెరచాపను ఒకటి రెండు సార్లు ఊపితే సరిపోతుంది. గీత మలుపుకు ముందే వంగితే, భయంతో తెరచాపను వదులు చేసి వేగం తగ్గించుకుంటున్నారని అర్థం. అది సురక్షితంగా తోస్తుంది గానీ ఫలితం తలకిందులుగా ఉంటుంది: గాలి వాలున వేగంగా వెళ్లేవారికి తెరచాప మీద గాలి బరువు తగ్గుతుంది, నెమ్మదించినవారి మీద ఆ బరువంతా పడుతుంది. గీత మలుపు చివర కూలితే మాత్రం తెరచాపను తిప్పడం ఆలస్యమవుతున్నదన్నమాట. ఒడ్డున నిలబడి చూసే స్నేహితుడికి ఈ రెండూ ఒకేలా కనబడతాయి.

ఏడాది చివరలో నా పట్టికను చూసినప్పుడు తేలిన విషయం ఒకటి చెప్పాలి. ఒకే రకమైన గాలిలో 5.3 బదులు 6.0 చదరపు మీటర్ల తెరచాప కట్టిన రోజుల్లో గరిష్ఠ వేగం కొద్దిగానే పెరిగింది, జైబ్‌లో కనిష్ఠ వేగం మాత్రం స్పష్టంగా తగ్గింది. తెరచాప, ఫిన్ (బోర్డు అడుగున ఉండే రెక్క), పోటుపాట్ల వివరాలను ఆ సాయంత్రమే చేత్తో రాసిపెట్టుకోకపోతే ఇటువంటి పోలిక సాధ్యం కాదు. వాచీకి అవేవీ తెలియవు.

పోటుపాట్లను ప్రత్యేకంగా పట్టించుకోవాలి, ఎందుకంటే జీపీఎస్ కొలిచేది నేలను బట్టి వేగాన్ని, నీటిని బట్టి కాదు. షెర్మన్ ఐలాండ్‌లో గాలి పడమటి నుంచి నది ఎగువకు వీస్తుంది. పాటు (నీటిమట్టం తగ్గే) సమయంలో నీరు సరిగ్గా దానికి ఎదురుగా సముద్రం వైపు వెళుతుంది. ఆ గంటల్లో మీరు గాలికెదురుగా చక్కగా ఎక్కారని వాచీ గీసిన జాడ చూపుతుంది, నిజానికి ఎక్కించినది నది. పోటు వేళ అదే నైపుణ్యంతో కిందికి కొట్టుకుపోతారు. గోల్డెన్ గేట్ దగ్గరి క్రిస్సీ ఫీల్డ్‌లో ప్రవాహం మరీ బలమైనది కనుక, అక్కడి కోణాలను, వేగాలను ఇతర చోట్ల వాటితో కలపకండి.

నెలల పోలికలోనూ ఇటువంటి జాగ్రత్తే అవసరం. ఇక్కడ ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు మధ్యాహ్నపు గాలి నమ్మకమైనది: కాలిఫోర్నియా లోపలి మైదానమైన సెంట్రల్ వ్యాలీ వేడెక్కి గాలి పైకి లేస్తుంది, చల్లని పసిఫిక్ గాలి కొండల సందుల గుండా దూసుకువస్తుంది. మన కోస్తాలో సాయంత్రం హాయినిచ్చే సముద్రపు గాలిదీ ఇదే సూత్రం, ఇక్కడ మాత్రం టోపీ నిలవదు. శీతాకాలంలో తుపానుల ముందు దక్షిణం నుంచి వచ్చే గాలి ఉద్ధృతి క్షణక్షణానికీ మారుతుంది కాబట్టి, డిసెంబరు సగటు జూన్ సగటుకన్నా తగ్గిందని దిగులుపడకుండా ఆ ఫైళ్లను వేరే పట్టికలో ఉంచి, వచ్చే శీతాకాలంతోనే పోల్చండి.