నిపుణులు లేనిచోట మనసు గోడు వినేదెవరు?

ప్రశ్న: మా గ్రామీణ ఆరోగ్య కేంద్రానికి మానసిక వైద్యులు నెలకొకసారి మాత్రమే వస్తారు. మిగతా రోజుల్లో కొద్ది వారాల శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తే బాధితులతో మాట్లాడుతున్నారు. పల్లెవాళ్ళకు నాసిరకం వైద్యంతో సరిపెట్టడం కాదా ఇది? – ఒక పాఠకురాలు

జవాబు: మీ ఆవేదన న్యాయమైనదే, కానీ ఆ కార్యకర్త చేస్తున్న పనిని నాసిరకమని నేను అనలేను. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు 2006లో ప్రారంభించిన 'ఫ్రెండ్‌షిప్ బెంచ్' కార్యక్రమంలో, శిక్షణ పొందిన పెద్దవయసు స్త్రీలు ఆరోగ్య కేంద్రం ఆవరణలోని బల్లపై కూర్చుని దిగులుతో వచ్చినవారి మాట వింటారు. అది పల్లెలో కాక రాజధాని హరారే నగరంలో మొదలైనదే అయినా, వారి సాయం పొందినవారిలో కుంగుబాటు లక్షణాలు బాగా తగ్గినట్లు 2016లో వెలువడిన అధ్యయనం చూపింది.

ఆ మాటల్లో ఏముంటుందో చూడండి. నిద్ర ఎలా పడుతోంది, ఏ పని చేయబుద్ధి కావడం లేదు అని అడిగి, ఉన్న సమస్యల్లో ఒకదాన్ని ఎంచుకోమని, దానికి ఈ వారంలో చేయగలిగిన ఒక చిన్న పనిని బాధితుల చేతనే చెప్పించి, మళ్ళీ వచ్చినప్పుడు అది ఏమైందో విచారిస్తారు. చనిపోవాలనిపిస్తోందా అని కూడా సూటిగా అడుగుతారు. అలా అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు.

అయితే లేనివి వినిపించడం, విపరీతమైన అనుమానాలు, ఉన్మాదం, ఆత్మహత్యాయత్నం వంటివి ఆ కార్యకర్త ఒక్కరే మోయదగ్గవి కావు. అటువంటివారిని వెంటనే ఎవరికి చూపించాలో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో ముందే తేలి ఉండాలి. వారానికొకసారైనా నిపుణులు ఫోన్‌లో ఒక్కొక్కరి పరిస్థితినీ కార్యకర్తతో చర్చించాలి. ఈ అండ లేకుండా శిక్షణ ఇచ్చి వదిలేస్తే మాత్రం మీ ఆరోపణ అక్షరాలా నిజమవుతుంది.

పూర్తికాలపు నిపుణులను అడగడమూ మానవద్దు. అయితే వైద్యవిద్య తరువాత మరికొన్నేళ్ళు పెద్ద నగరాల్లో చదివినవారిని, సలహాకు తోటి వైద్యులైనా లేనిచోటికి ఒంటరిగా పంపితే ఎక్కువకాలం నిలవరు. గ్రామీణ నేపథ్యం ఉన్న విద్యార్థులను చేర్చుకోవాలని, శిక్షణలో కొంతభాగం పల్లెల్లోనే సాగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే సూచించింది. నియామకంతో పాటు ఆ మార్పు కోసమూ అర్జీ పెట్టండి. ఈలోగా, నెలకొకసారి వచ్చే ఆ వైద్యులు మిగతా రోజుల్లో మీ కార్యకర్త ఫోన్‌కు అందుబాటులో ఉంటున్నారో లేదో ముందుగా కనుక్కోండి.